పలక తెరిచి ఉన్నంతసేపు

పొద్దున్నే క్లినిక్ తాళం తీసేది ఆమే. కిటికీలు తెరిచి, పెద్ద కుర్చీ మీద కప్పిన గుడ్డ దులిపి మడతపెట్టి, ముందురోజు కడిగి ఆరబెట్టిన పనిముట్లను ఆవిరిపెట్టెలో సర్ది స్విచ్చి వేసేది. పుక్కిలించడానికి గ్లాసులు దొంతర పెట్టేది. అన్నీ అయ్యాక తన సంచిలోంచి పలక తీసి, స్పిరిట్‌లో ముంచిన దూదితో ముందూ వెనకా తుడిచి, పల్చటి ప్లాస్టిక్ కవర్లో దూర్చి, కవరు మూతి మడిచి అంటించేది. అప్పటికి మెట్ల మీద డాక్టరు గారి చెప్పుల చప్పుడు వినిపించేది.

పలకంటే బడిపిల్లలు రాసుకునే పలక కాదు. పుస్తకాలు చదువుకునే ఈ-రీడరు. అరచేతికి కాస్త పెద్దగా, బూడిదరంగులో ఉండేది. చూడగానే డాక్టరు గారు పలక అన్నారు, అదే నిలిచిపోయింది. క్లినిక్‌కి వచ్చేవాళ్ళు ఆమెకి కూడా ఒక పేరు పెట్టారు. చదువులమ్మ.

కళ్ళజోళ్ళ దుకాణం పైన, మేడ మీద రెండు గదుల క్లినిక్ అది. ముందు గదిలో బెంచీలు, గోడ మీద 'నోరు మంచిదైతే ఊరు మంచిది' అని పెయింటరు చేత రాయించిన బోర్డు. లోపలి గదిలో కుర్చీ. రోగి అందులో వెనక్కి వాలగానే చదువులమ్మ పక్కన స్టూలు మీద కూర్చుని, ఎడమచేత్తో ఉమ్మి లాగే గొట్టం అతని నోట్లో పట్టుకుని, కుడిచేత్తో పలక పట్టుకుని చదువుకునేది. ఆమె చదువుతున్నంతసేపు రోగికి నొప్పి తెలిసేది కాదు. డాక్టరు గారు డ్రిల్లు పెట్టినా, పటకారుతో పన్ను పెకిలించినా, రోగి పైకప్పు కేసి చూస్తూ పడుకునేవాడు. అయిపోయాక లేచి, పుక్కిలించి, మళ్ళీ ఎప్పుడు రావాలో కనుక్కుని వెళ్ళిపోయేవాడు. మత్తు ఇంజక్షన్లు అలమారలో ఉండేవి, ఆమె సెలవు పెట్టిన రోజుల కోసం.

పిండి కొద్దీ రొట్టె అన్నట్టు, పుస్తకం కొద్దీ గుణం. ఆమె మనసు అందులో మునగాలి. అందుకని పని మొదలుపెట్టే ముందు డాక్టరు గారు, పుస్తకం ఎలా ఉందమ్మాయ్ అని అడిగేవారు. ఇప్పుడిప్పుడే అందుకుంటోందని ఆమె అంటే ముందు పళ్ళు శుభ్రం చేసే పని పెట్టుకునేవారు. మంచి పట్టులో ఉందంటే జ్ఞానదంతం జోలికి వెళ్ళేవారు. ఒకసారి ఎవరో మెచ్చుకున్నారని ఆమె ఒక పెద్దమనిషి ఆత్మకథ మొదలుపెట్టింది. ఆ పూట కుర్చీలో ఉన్నది ఒక బస్సు కండక్టరు. ఆయన పెట్టిన కేకకి కింద దుకాణంలో కళ్ళజోడు పెట్టి చూసుకుంటున్నవాళ్ళు తలెత్తారు. ఆమె ఆత్మకథ మూసేసి, అంతకుముందు సగంలో ఆపిన నవల తెరిచింది. కండక్టరు సర్దుకున్నాడు. పళ్ళూడగొట్టుకోవడానికి ఏ రాయైతేనేం అంటారు గానీ, పుస్తకం మాత్రం మంచిది పట్టమ్మా అని చెప్పి మరీ వెళ్ళాడు.

చిన్నప్పటి నుంచీ అంతే. వాళ్ళమ్మకి తలనొప్పి వస్తే ఆమెని పక్కన కూర్చోబెట్టుకుని పాఠం చదువుకోమనేది. అక్కకి నొప్పులు మొదలైతే మంచం తలవైపు పీట వేసి కూర్చోబెట్టి, చేతికి కథల పుస్తకం ఇచ్చారు. అక్క నవ్వుతూ కబుర్లు చెబుతుండగా కరెంటు పోయింది. కొవ్వొత్తి వెతికి తెచ్చేలోపల అక్క ఇల్లెగిరిపోయేలా అరిచింది. అచ్చు పుస్తకంతో అదీ తంటా. దీపం కావాలి, రెండు చేతులు కావాలి. పేజీ తిప్పే క్షణంలో పక్కవాళ్ళకి నొప్పి చురుక్కుమనేది. క్లినిక్‌లో చేరిన కొత్తలో ఆమె పుస్తకాన్ని ఒళ్ళో తెరిచి, మూసుకుపోకుండా మీద ఏదో బరువు పెట్టుకుని చదివేది. నీళ్ళూ ఉమ్మీ చింది కాగితాలు ఉబ్బిపోయేవి. గ్లవుజు వేళ్ళకి పేజీ అంచు దొరికేది కాదు. చూసి చూసి డాక్టరు గారు ఈ-రీడరు తెప్పించారు.

అది వచ్చాక ఆమె చదువు తీరే మారిపోయింది. పక్కన మీట ఉండేది. గ్లవుజు వేసుకున్న బొటనవేలితో నొక్కితే పేజీ తిరిగేది. చప్పుడు లేదు, చురుక్కుమనడం లేదు. అక్షరాల్ని ఎంత కావాలంటే అంత పెద్దవి చేసుకోవచ్చు. లోపలి నుంచి వచ్చే వెలుగు ఫోను వెలుగులా కళ్ళలో గుచ్చదు. ఎండలోకి వెళ్ళినా అక్షరం చెదరదు. మధ్యాహ్నం టిఫిను డబ్బా తినేసి, డాబా మీద నీళ్ళ ట్యాంకు నీడలో కాళ్ళు చాపుకుని చదువుకునేది. తెలియని మాట మీద వేలు ఆనిస్తే అర్థం చెప్పేది, ఈ మాత్రం తెలియదా అని నవ్వకుండా. ఎవరి ఫోనూ రాదు, ఏ కబురూ మోగదు. ఒకసారి చార్జింగ్ పెడితే వారాల తరబడి దాని సంగతే మర్చిపోవచ్చు. బీరువా పట్టేన్ని పుస్తకాలు సంచిలో ఉన్నా భుజం లాగదు. ఏ పుస్తకం ఎక్కడ ఆపిందో దానికే గుర్తు. అడుగున ఎంత శాతం అయిందో సన్నటి అంకె కనిపించేది. ఆ అంకె పెరుగుతుంటే ఆమె ఒక్కోసారి వేగం తగ్గించేది, మిఠాయి చివరి ముక్క నోట్లో దాచుకున్నట్టు. పైన పుస్తకం పేరున్న అట్ట ఉండదు కాబట్టి ఏం చదువుతోందో పక్కవాళ్ళకి తెలియదు. మొహం చూసి కనిపెట్టడానికి కూడా లేదు. దెయ్యాల కథైనా, ప్రేమకథైనా, ఆమె మొహం ఒకేలా ఉండేది.

సాయంత్రం బస్సులో ఆమె పలక తెరవగానే నడుంనొప్పి ముసలివాళ్ళు, చంటిపిల్లల తల్లులు ఆ సీటు చుట్టూ చేరేవారు. కిటికీ దగ్గర గాలి కోసం నిలబడ్డట్టు నిలబడేవారు. ఆమె దిగే చోటు వస్తే ఎవరో ఒకరు భుజం తట్టి చెప్పేవారు.

భర్త టైల్స్ మేస్త్రి. ఏళ్ళ తరబడి మోకాళ్ళ మీద పాకుతూ ఇతరుల ఇళ్ళు నున్నగా చేసి, తన మోకాళ్ళు గరుకు చేసుకున్నవాడు. ఇంటికి రాగానే స్నానం చేసి, మంచం మీద ఆమె పక్కన కాళ్ళు చాపుకుని కూర్చునేవాడు. ఆమె చదివేది. ఆయన ఎదురుగా గోడ కేసి చూసేవాడు. మాటలు తక్కువ. టీ పెట్టనా, ట్యాంకులో నీళ్ళున్నాయా, రేపు పని ఎక్కడ, వీటితో సరిపోయేది. కిటికీలోంచి చూసినవాళ్ళు చిలకాగోరింకలు అనుకునేవారు. ఆమెకి మాత్రం అప్పుడప్పుడూ ఒక సందేహం వచ్చేది. ఈయన వచ్చి కూర్చునేది నా పక్కనా, పలక పక్కనా? సందేహం వచ్చినా ఏమీ అనిపించేది కాదు. మీట నొక్కేది. తర్వాతి పేజీ వచ్చేది.

వాళ్ళకి ఏడేళ్ళ కిందట ఒక ఆడపిల్ల పుట్టింది. నెలలు నిండకుండా పుట్టి, ఆస్పత్రి గాజుపెట్టెలో కొన్నాళ్ళు ఉండి, పేరైనా పెట్టకముందే పోయింది. ఆ కొన్నాళ్ళూ తల్లిని పాల వేళకి లోపలికి పిలిచేవారు, తండ్రిని గాజు కిటికీలోంచి చూడనిచ్చేవారు. మిగతా సమయమంతా ఇద్దరూ వరండాలో బెంచీ మీద కూర్చునేవారు. చదువుతుంటే కుట్లు సలపవని ఆమె పలక తెరిచింది. పక్కన ఉంటే గుండెల మీద బరువు తెలియడం లేదని ఆయన కదలకుండా కూర్చున్నాడు. ఒక మధ్యాహ్నం నర్సు వచ్చి విషయం చెప్పింది. ఆమె చదువుతున్న పేజీ పూర్తి చేసి, మీట నొక్కి, తర్వాతి పేజీలో మొదటి వాక్యం కూడా చదివి, అప్పుడు లేచింది. ఆయన ఎక్కడ సంతకం పెట్టాలని అడిగాడు.

చూడడానికి వచ్చినవాళ్ళకి ఆయనే టీ కాచి ఇచ్చాడు. గుండె రాయి చేసుకున్నారు, అదే మంచిది అన్నారందరూ. రాయి చేసుకోవడానికి వాళ్ళు ప్రత్యేకంగా చేసిందేమీ లేదు. ఆమె చదువుతూనే ఉంది, ఆయన పక్కన కూర్చునే ఉన్నాడు. అలా నెలలు గడిచాక, బస్సులో కునుకు పట్టి దిగాల్సిన చోటు దాటిపోయినట్టు, ఏడవాల్సిన చోటు ఎక్కడో వెనక ఉండిపోయింది. ఆ పిల్ల మాట ఇద్దరిలో ఎవరూ ఎత్తలేదు. ఎత్తకూడదని కాదు. ఎత్తాలని అనిపించలేదు, అంతే.

ఈ వానాకాలంలో క్లినిక్‌కి కొత్త కుర్చీ వచ్చింది. పాతది విప్పి, గొట్టాలు మార్చి, కొత్తది బిగించేదాకా క్లినిక్ మూశారు. అదే సమయానికి మేస్త్రికి కూడా పని ఆగింది. ఇల్లు కట్టించుకుంటున్నాయన లేతనీలం టైల్స్ కావాలన్నాడు, ఆయన భార్య తెలుపు కావాలంది. వాళ్ళు తేల్చుకుని కబురు చేస్తామన్నారు. దాంతో మొగుడూ పెళ్ళాలిద్దరూ ఇంట్లోనే ఉండిపోయారు.

ఆమె ఒక లావుపాటి నవల మొదలుపెట్టింది. సముద్రం మధ్య దీవిలో ముగ్గురు అక్కచెల్లెళ్ళు, ఓడల కోసం దీపం వెలిగించే పని వాళ్ళది. నిజంగా లావో కాదో పలకలో తెలియదు గానీ, ఎంత చదివినా అడుగున అంకె నెమ్మదిగా కదిలేది. అంత మంచి పుస్తకం ఆమెకి చాలా ఏళ్ళుగా దొరకలేదు. పొయ్యి మీద ఏదో పడేసి వచ్చి చదివేది, తింటూ చదివేది. పక్కకి తిరిగి పడుకుని ఒంటిచేత్తో పట్టుకుని చదివేది. ఒక చెల్లెలు ఓడ ఎక్కి వెళ్ళిపోయినప్పుడు పేజీ వెనక్కి తిప్పి ఆ నాలుగు వాక్యాలూ మళ్ళీ చదివింది. బయట వాన పడుతోంది. భర్త పక్కనే పడుకుని ఉన్నాడు.

మొదటి రోజు ఆయన ఆకలి లేదన్నాడు. రెండో రోజు కూడా టీ తప్ప ఏమీ ముట్టుకోలేదు. బాత్రూంకి వెళ్తే చాలాసేపు రాలేదు. వచ్చేటప్పుడు గోడ పట్టుకుని గబగబా వచ్చి, ఆమె పక్కన పడుకుని, హమ్మయ్య అని ఊపిరి వదిలాడు. వానకి మోకాళ్ళు పట్టేశాయి కాబోలు అనుకుందామె.

మూడో రోజు మధ్యాహ్నానికి అంకె తొంభై దాటింది. ఆయన చెయ్యి ఆమె మోచేతికి తగులుతూ ఉంది. ఎప్పటి నుంచి తగులుతోందో ఆమె గమనించలేదు గానీ, అది పెనంలా కాలుతోంది. ఆమె ఆ పేజీ పూర్తి చేసి పక్కకి చూసింది. ఆయన పెదాలు ఎండిపోయి ఉన్నాయి. కళ్ళు తెరుచుకుని పైకప్పు కేసి చూస్తున్నాడు. ఆ చూపు ఆమెకి బాగా తెలుసు. రోజూ స్టూలు మీద నుంచి చూసే చూపే. ఇంట్లో ఎప్పుడూ చూడలేదు. చూడలేదో, ఎప్పుడూ అదే ఉండబట్టి తెలియలేదో.

"ఎక్కడైనా నొప్పిగా ఉందా?" అని అడిగింది.

"ఇప్పుడు లేదు," అన్నాడాయన.

ఇప్పుడు అన్న మాట దగ్గర ఆమె ఆగింది. తర్వాత పలక అట్ట మూసింది.

ఆయన వేడి నీళ్ళు పడ్డ వానపాములా ముడుచుకుపోయాడు. మోకాళ్ళు రెండూ కడుపులోకి లాక్కుని, పళ్ళ మధ్య నుంచి సన్నగా ఒక చప్పుడు చేశాడు. అరుపు కాదు, ఇనప తలుపు నేల మీద ఈడ్చినట్టుంది. ఎన్నాళ్ళ నుంచి అని ఆమె అడిగింది. మొన్న పొద్దున్నుంచి అని ఎలాగో చెప్పాడు. మరి చెప్పలేదేం అంది.

"నువ్వు చదువుకుంటున్నావు కదా. పక్కకి వస్తే పోతోంది."

కింది వాటా ఆయన చేత టాక్సీ పిలిపించి, ఇద్దరూ పట్టి మెట్లు దింపారు. టాక్సీలో ఆయన ఆమె ఒళ్ళో తలపెట్టుకున్నాడు. ప్రతి గోతికీ ఒళ్ళంతా బిగుసుకుపోయేది. సందు మలుపు తిరగగానే, పలక తెచ్చావా అని అడిగాడు. తెచ్చానంది. అలవాటు కొద్దీ సంచి భుజాన వేసుకుంది మరి.

"తియ్యి. ఒక్క పేజీ చదువు."

ఆమె సంచిలో చెయ్యి పెట్టింది. పలక అట్ట చల్లగా తగిలింది. అట్ట తీస్తే చాలు, తను ఆపిన చోటే తెరుచుకుంటుంది, ఈయన మొహం సర్దుకుంటుంది. అప్పుడామెకి క్లినిక్‌లో ఒకసారి జరిగిన పొరపాటు గుర్తొచ్చింది. రోగి వచ్చి కూర్చోకముందే ఆమె చదవడం మొదలుపెట్టింది. ఏ పన్ను బాధపెడుతోందో అతను చూపించలేకపోయాడు. ఇదే అయ్యుంటుందని డాక్టరు గారు పీకింది గట్టి పన్ను. ఆ సాయంత్రం ఆయన చేతులు కడుక్కుంటూ, నొప్పంటే పంటికున్న నోరమ్మాయ్, నువ్వు దాని నోరు నొక్కేస్తే నాకెవరు చెప్తారు అన్నారు. కోప్పడలేదు గానీ, ఆ రాత్రి భోజనం మానేశారని తర్వాత తెలిసింది.

ఆమె చెయ్యి బయటికి తీసింది.

"నేను చదివితే అక్కడ డాక్టర్లకి మీరేం చెప్తారు? ఎక్కడ నొప్పో చెప్పాలి. కాస్త ఓర్చుకోండి."

ఆయన తలెత్తి చూశాడు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన ఆమె వైపు అంత కోపంగా చూడడం అదే మొదలు. "నీకు జాలి లేదు," అన్నాడు.

లేదంది ఆమె. మాట వరసకి అన్నది కాదు. లోపల వెతికి చూసుకుంది, ఏమీ దొరకలేదు. దారి పొడుగునా ఆయన తల రెండు చేతులతో పట్టుకుని కూర్చుంది, అంతే.

ఆస్పత్రిలో కుర్ర డాక్టరు ఆయన పొట్ట మీద అక్కడక్కడా వేళ్ళు నొక్కుతూ వచ్చాడు. కుడివైపు కింద నొక్కి వదలగానే ఆయన అరిచిన అరుపుకి పక్క మంచం మీద మనిషి లేచి కూర్చున్నాడు. కుర్ర డాక్టరు మళ్ళీ నొక్కలేదు. పరుగున వెళ్ళి పెద్ద సర్జనుని పిలుచుకొచ్చాడు. అపెండిసైటిస్. అపెండిక్స్ లోపల పగిలి చీము కారుతోందని, ఇప్పుడే కొయ్యాలని సర్జను చెప్పాడు. కాగితం మీద ఆమె చేత సంతకం పెట్టిస్తూ, ఇంత జరుగుతుంటే ఈ మనిషి ఎలా ఓర్చుకున్నాడమ్మా అని అడిగాడు. నేను పక్కనే చదువుకుంటున్నానండి అందామె. సర్జను అర్థమైనట్టు తలూపాడు. సాయంత్రం దాకా చదివి ఉంటే నేను చెయ్యగలిగిందేమీ ఉండేది కాదన్నాడు.

ఆపరేషన్ గది బయట బెంచీ ఉంది. ఆమె కూర్చుంది. సంచి ఒళ్ళో ఉంది, నవల చివరికొచ్చి ఉంది. తెరవలేదు. తెరవకూడదని ఒట్టు పెట్టుకోలేదు, చెయ్యి పోలేదు. చేసేదేమీ లేక కూర్చుంటే బెంచీ చెక్క అంచు తొడలకి ఒత్తుకోవడం తెలిసింది. ఆకలి తెలిసింది. తర్వాత ఎక్కడో యంత్రం ఆడుతున్నట్టు ఒకటే లయలో దబ్‌దబ్ మనడం మొదలైంది. గోడ అవతల ఏదో మోటారు అనుకుంది. చాలాసేపటికి అది తన దవడ అని తెలిసింది. కుడివైపు, కింద, చివరి నుంచి రెండో పన్ను.

ఆయన బతికాడు. వార్డులో చాలా రోజులు ఉండాల్సి వచ్చింది. కదిలితే కుట్లు లాగేవి, దగ్గితే ప్రాణం పోయేది. మొదటి రెండు రోజులూ పలక తియ్యమని అడిగాడు. నొప్పి ఎలా ఉందో సర్జను పూటపూటకీ అడుగుతున్నాడు కదా అని ఆమె తియ్యలేదు. మూడో రోజు ఆయన అడగడం మానేశాడు. కోపం కూడా పోయింది. నొప్పితో పడుకున్న మనిషి మాట్లాడకుండా ఉండలేడు కాబోలు. నర్సుతో, పక్క మంచం ఆయనతో, టీ తెచ్చే మనిషితో, చివరికి ఆమెతో, ఏదో ఒకటి చెబుతూనే ఉండేవాడు. లేతనీలం టైల్సే ఆ ఇంటికి నప్పుతాయన్నాడు. ఆస్పత్రి గచ్చు వేసినవాడికి చెయ్యి తిరగలేదన్నాడు.

నాలుగో రోజుకి ఆ మాటలు కూడా అయిపోయి, పలక నాకివ్వు, నేను చూస్తా అన్నాడు.

ఆయన చిన్నప్పుడే బడి మానేసినవాడు. ఆమె అక్షరాలు బాగా పెద్దవి చేసి, దీవి నవల మొదటి పేజీ తెరిచి ఇచ్చింది. ఒక్కో పేజీకి మూడు వాక్యాలే పట్టేవి. పెదాలు కదుపుతూ, సణుగుతున్నట్టు పైకి చదివేవాడు. ఆయన చదివితే ఎవరి నొప్పీ తగ్గలేదు. తగ్గుతుందని ఎవరూ అనుకోలేదు కూడా. ఆయనకి మాత్రం మీట నచ్చింది. నొక్కగానే పేజీ మారితే ప్రతిసారీ తృప్తిగా తలాడించేవాడు. తెలియని మాట మీద వేలు పెట్టి అర్థం చదువుకుని, దాన్ని పక్క మంచం ఆయనకి చెప్పేవాడు. పడుకుని ఛాతీ మీద నిలబెట్టుకోవచ్చు, చెయ్యి నొప్పి పుట్టదు, కళ్ళు గుంజవు. ఆరు శాతం అయిందే అని చెప్పాడు ఒక సాయంత్రం, అదేదో మేడ కట్టినట్టు.

"ఇంత బావుంటుందని నాకెప్పుడూ చెప్పలేదేం?" అన్నాడు.

మీరు అడగలేదు కదా అందామె. దవడ మీద చెయ్యి పెట్టుకుని ఉండడం వల్ల మాట సరిగ్గా రాలేదు. అప్పటికి చెంప ఉబ్బింది.

డిశ్చార్జి అయ్యాక, ఆయన మెల్లగా మెట్లు ఎక్కగలిగిన రోజున, ఇద్దరూ కలిసి క్లినిక్‌కి వెళ్ళారు. కొత్త కుర్చీ తెల్లగా మెరుస్తోంది. మేస్త్రి ముందు గదిలో బెంచీ మీద పలక తీసుకుని కూర్చున్నాడు. ఆమె కుర్చీలో వాలి నోరు తెరిచింది. డాక్టరు గారు చిన్న అద్దం పెట్టి చాలాసేపు చూశారు.

"ఇది కుళ్ళి ఏళ్ళయిందమ్మాయ్. నా పక్కనే కూర్చుంటున్నావు, నీకెప్పుడూ తెలియలేదా?"

తెలియలేదని ఆమె తలూపింది. ఇక ఉంచడానికి లేదు, తీసెయ్యాలన్నారాయన. నీ పలక నువ్వే పట్టుకో, పని అయిపోతుంది అన్నారు. అది ఆయన చదువుతున్నారండి అందామె. మధ్యలో ఎలా అడుగుతాం అన్నట్టు చూసింది. డాక్టరు గారు ముందు గదిలోకి తొంగిచూశారు. మేస్త్రి వేలు ఆనించి ఏదో మాటకి అర్థం చదువుకుంటున్నాడు. డాక్టరు గారు అలమార తెరిచి ఇంజక్షను తీశారు.

సగం మొహం చెక్కలా అయింది. పటకారు పంటిని పట్టుకున్నట్టు తెలిసింది, అటూ ఇటూ ఊపినట్టు తెలిసింది, నొప్పి మాత్రం లేదు. అయినా కంటి కొసల్లోంచి నీళ్ళు కారి చెవుల్లోకి పోయాయి. మొదట ఆమెకే తెలియలేదు, చెవులకి తడి తగిలాక తెలిసింది. డాక్టరు గారు చెయ్యి ఆపి, నొప్పిగా ఉందా అని అడిగారు. లేదని తలూపింది. ఆయన పని కానిచ్చి, పన్ను పళ్ళెంలో వేసి, పుండు మీద దూది పెట్టి గట్టిగా కరిచిపట్టుకోమన్నారు. ఆమె కరిచిపట్టుకుంది. నీళ్ళు ఆగలేదు. భుజాలు కదలడం మొదలైంది. గొంతులోంచి చప్పుడొచ్చింది. దూది అడ్డం ఉన్నా అది ముందు గదిలోకి వినిపించింది.

మేస్త్రి పొట్ట పట్టుకుని లోపలికి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. ఆమె ఆయన్ని చూసి ఏదో అంది. నాలుక తిరగక ముద్దముద్దగా వచ్చిన ఆ మాట డాక్టరు గారికి అర్థం కాలేదు. మేస్త్రికి అర్థమైంది. పలక తీసుకెళ్ళి పనిముట్ల బల్ల మీద పెట్టి, కుర్చీ పక్కన స్టూలు మీద కూర్చున్నాడు.

"ఎడమ చెవి కాదు," అన్నాడు. "కుడి చెవి."

ఆమె ఎడమ చెవే అంది. ఎడమ చెవి తమ్మె మీద, నువ్వుగింజంత మచ్చ. తను పాలిచ్చేటప్పుడు దగ్గరగా చూసింది. ఆయన కాదన్నాడు. తను గంటల తరబడి నిలబడి చూశాడు, పిల్ల ఇటు తిరిగి పడుకుంటే పైకి కనిపించేది కుడి చెవే. మీరు చూసింది అద్దంలోంచి, తారుమారుగా కనిపించి ఉంటుంది అందామె. అది మొహం చూసుకునే అద్దమా, కిటికీ గాజు, తారుమారెందుకవుతుంది అన్నాడాయన. గొంతు పెరిగింది. డాక్టరు గారు చేతులు కడుక్కుని, తలుపు దగ్గరగా వేసి, ముందు గదిలోకి వెళ్ళి రోగుల పక్కన బెంచీ మీద కూర్చున్నారు.

ఆమె కుర్చీలో నిటారుగా కూర్చుంది. మత్తు దిగడం మొదలై దవడ సలుపుతోంది. కొంగుతో కళ్ళు తుడుచుకుంది, వెంటనే మళ్ళీ నిండాయి. ఆయనకీ కారుతున్నాయి, ఆయన తుడుచుకోవడం లేదు.

"సరే, చెవి సంగతి వదిలెయ్యండి," అంది ఆమె. "ముక్కు?"

"ముక్కు నీదే," అన్నాడాయన.